బైబిలు స్త్రీలు, బి.వి. సుబ్బమ్మ: తెలుగునాట స్త్రీల దైవశాస్త్ర విద్యను వాడ వైపు నుంచి చదవడం

తెలుగు క్రైస్తవ చరిత్రలు రాసినవాళ్లకు 'మొదటి' అనే మాట మీద మోజెక్కువ. మొదటి మిషనరీ, మొదటి బాప్తిస్మం, మొదటి బిషప్పు, మొదటి పట్టభద్రుడు. ఈ జాబితాలు దాదాపు అన్నీ మగవాళ్లవే. ఆడవాళ్ల దగ్గరికి వచ్చేసరికి చరిత్రకారుడి కలం ఒక పేరా రాసి ఆగిపోతుంది. ఆ ఒక్క పేరాలో తప్పకుండా కనబడే పేరు బత్తినేని వెంకట సుబ్బమ్మ. ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘానికి చెందిన దైవశాస్త్ర బోధకురాలు, రాజమండ్రిలో స్త్రీల బైబిలు శిక్షణ పాఠశాలకు ప్రిన్సిపాల్, అమెరికాలో చదివి ఇంగ్లీషులో పుస్తకం అచ్చు వేసిన తెలుగు స్త్రీ. ఆమె పుట్టింది గుంటూరు జిల్లా కమ్మ కుటుంబంలో.

ఇక్కడే అసలు చిక్కు మొదలవుతుంది. తెలుగునాట ప్రొటెస్టెంటు సంఘం అంటే నూటికి తొంభై పాళ్లు మాల, మాదిగ జనం. గుంటూరు వైపు లూథరన్లలో మాలలు ఎక్కువ, ఒంగోలు వైపు బాప్టిస్టుల్లో మాదిగలు ఎక్కువ. సంఘమంతా వాడలో ఉంటే, ఆ సంఘంలో స్త్రీల దైవశాస్త్ర విద్యకు 'మొదటి' పేరు ఊరి నుంచి ఎట్ల వచ్చింది? ఆమె కంటే ముందు వాడలో ఎవరూ లేరా, ఉన్నా లెక్కలోకి రాలేదా? సుబ్బమ్మగారి కృషిని తక్కువ చేయడానికి ఈ ప్రశ్న అడగడం లేదు. ఆమె కృషిని పూర్తిగా అర్థం చేసుకోవాలన్నా ఈ ప్రశ్న అడగాలె.

ఒక మాట ముందే చెప్పుకోవాలె. పాత రికార్డుల్లో కొందరికి 'గారు' ఉంటుంది, కొందరికి 'అది' ఉంటుంది. ఈ వ్యాసంలో అందరికీ ఒకే మర్యాద.

హైదరాబాదు తూర్పున ఉప్పల్, నాచారం ప్రాంతంలో ఉండేవాళ్లకు దైవశాస్త్ర విద్య కంటికి కనబడే విషయమే. ఉప్పల్ నుంచి అంబర్‌పేట వైపు వస్తుంటే రామంతాపూర్‌లో కేథలిక్కుల సెయింట్ జాన్స్ రీజనల్ సెమినరీ ఉంది. అది గురువుల్ని తయారుచేసే చోటు, కేథలిక్కు గురుత్వం మగవాళ్లది, కాబట్టి అక్కడి పాఠం ఎవరి కోసమో వేరే చెప్పనక్కర్లేదు. ఇంకాస్త ముందుకు పోతే ట్యాంక్‌బండ్ కింద ఆంధ్ర క్రైస్తవ దైవశాస్త్ర కళాశాల. ప్రొటెస్టెంటు సంఘాలు కలిసి నడిపే ఈ కళాశాల 1964లో రాజమండ్రిలో మొదలై, 1970ల మొదట్లో హైదరాబాదుకు తరలి వచ్చింది. లూథరన్ల లూథర్‌గిరి, బాప్టిస్టుల రామాయపట్నం, దోర్నకల్ సంప్రదాయం, ఇట్ల వేర్వేరు చోట్ల నడిచిన చదువులు అందులో కలిశాయి. అంటే హైదరాబాదులో ఇవాళ కనబడే ఈ చదువు వేళ్లు కృష్ణా, గోదావరి, గుండ్లకమ్మ ఒడ్డున ఉన్నాయి. స్త్రీల కథ వెతకాలంటే అటే పోవాలె.

*

దైవశాస్త్ర విద్య అంటే ఏమిటి? సెరంపూర్ కళాశాల 1818లో పుట్టింది, 1827లో డెన్మార్కు రాజు దానికి పట్టాలిచ్చే అధికారం ఇచ్చాడు, అక్కడి నుంచి చరిత్ర మొదలవుతుందని సెమినరీ పాఠాలు చెబుతాయి. పట్టా కొలబద్ద అయినప్పుడు పట్టా లేనివాళ్లు చదువు లేనివాళ్లు అవుతారు. కానీ దేవుడి గురించి ఒకరు అడగడం, ఇంకొకరు చెప్పడం, విన్నవాళ్లు దాన్ని బతుకుతో సరిచూసుకోవడం, ఇదే దైవశాస్త్ర విద్య అనుకుంటే కథ ఇంకోచోట మొదలవుతుంది.

ఒంగోలు మాదిగల ఉద్యమానికి మూలపురుషుడు ఎర్రగుంట్ల పేరయ్య. తోళ్ల వ్యాపారం చేసేవారు, ఆ పని మీద ఏలూరు దాకా పోయి అక్కడ క్రైస్తవ బోధ విన్నారు. 1866లో ఆయన, ఆయన భార్య నాగమ్మ బాప్తిస్మం తీసుకున్నారు. ఇంతవరకు అందరూ చెబుతారు. పేరయ్యగారు క్రైస్తవం వినకముందు ఏం చదివారు అన్నది మాత్రం చాలామంది దాటేస్తారు. ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో మాదిగల మీద రాసిన 'వైల్ సూయింగ్ శాండల్స్' అనే పుస్తకంలో ఆ సంగతి ఉంది. పేరయ్యగారు అంతకుముందు రాజయోగం నేర్చుకున్న మనిషి. ఆయనకు దాన్ని నేర్పిన గురువు ఒక స్త్రీ, బండికట్ల వీరమ్మ.

విగ్రహం అక్కర్లేదని, దేవుడు లోపల ఉన్నాడని చెప్పే బోధ మాదిగవాడలోకి ఒక స్త్రీ నోటి నుంచి వచ్చింది. తరువాత వేలమందిని క్రైస్తవంలోకి నడిపిన మనిషికి దైవశాస్త్రంలో ఓనమాలు దిద్దించింది ఆమె. సెమినరీ చరిత్రలో వీరమ్మగారికి కుర్చీ లేదు. మిషనరీలకు ఆమె 'క్రైస్తవానికి ముందు' దశ, హిందూ చరిత్రకారులకు మాదిగలకు బోధించిన గురువు అసలు గురువే కాదు. రెండు వైపులా తలుపు మూసేశారు.

ఇంకొంచెం వెనక్కి పోతే 1854 జనవరి 1. ఒంగోలు కొండ మీద తెల్లవారుజామున ఐదుగురు ప్రార్థన చేశారు. బాప్టిస్టు సంఘాల్లో పిల్లలకు కూడా తెలిసిన కథ ఇది. ఆ ఐదుగురిలో లైమన్ జ్యూయెట్ దంపతులు ఇద్దరు, నర్సు అనే తెలుగు ఉపదేశి ఒకరు. మిగిలిన ఇద్దరు జూలియా, రూతు. ఇద్దరూ తెలుగు స్త్రీలు. అంటే కొండెక్కిన ముగ్గురు తెలుగువాళ్లలో ఇద్దరు ఆడవాళ్లు. మనకు దక్కింది వాళ్ల బాప్తిస్మపు పేర్లు మాత్రమే. ఇంటిపేరు లేదు, ఊరు లేదు. చరిత్రలో దొరకడానికి, పోవడానికి మధ్య ఉన్న సన్న గీత మీద నిలబడ్డ పేర్లు ఇవి.

*

బైబిలు స్త్రీ అనే ఉద్యోగం ఎట్ల పుట్టిందో ఇప్పటి విద్యార్థులకు చెప్పాలె. మిషనరీ దొరలకు ఊళ్లో మగవాళ్లతో మాట్లాడే వీలుంది గానీ, ఇళ్లలోని ఆడవాళ్ల దగ్గరికి పోయే వీలులేదు. దొరసానులు పోగలరు గానీ వాళ్లకు భాష రాదు, ఎండకు తాళలేరు, సంఖ్య తక్కువ. అందుకని స్థానిక స్త్రీలకు చదవడం, పాడటం, బైబిలు కథలు చెప్పడం నేర్పి, నెలకు కొద్ది జీతం ఇచ్చి ఊళ్లకు పంపారు. ఆ జీతం ఎక్కువగా అమెరికా, కెనడా, ఇంగ్లండు స్త్రీల మిషను సంఘాల చందాల నుంచి వచ్చేది. చాలామంది వితంతువులు, ఉపదేశుల భార్యలు. సంచిలో పుస్తకం, చేతిలో గొడుగు, నడక.

మగవాళ్లకు సెమినరీ కట్టినప్పుడు ఆడవాళ్ల చదువు దాని పంచలో నడిచింది. బాప్టిస్టులు 1870ల మొదట్లో రామాయపట్నంలో సెమినరీ పెట్టారు. పెళ్లయిన విద్యార్థులు భార్యాబిడ్డలతో వచ్చి ఉండేవాళ్లు, భార్యలకూ పాఠాలుండేవి. దోర్నకల్‌లో బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్య దీన్ని ఇంకా గట్టిగా పట్టుకున్నారు. 1912లో బిషప్పు అయిన ఆయన, గ్రామ ఉపాధ్యాయుడి భార్య చదువుకోకపోతే ఆ ఊళ్లో సగం సంఘానికి బోధకులు లేనట్టే అని గుర్తించారు. దోర్నకల్‌లో శిక్షణకు వచ్చిన మగవాళ్లతో పాటు భార్యలూ చదవాల్సిందే. ఆయన భార్య అన్బు మరియమ్మాళ్ ఈ స్త్రీల పనిలో భాగస్వామి.

ఇది మంచి పనే. కానీ గమనించండి, ఆమె చదివింది 'ఫలానా వారి భార్య'గా. ఆమె పేరు రిజిస్టరులో భర్త పేరు వెనక. భర్త పట్టాతో బయటికి వచ్చి పాస్టరు అవుతాడు, ఆమె పాస్టరమ్మ అవుతుంది. ఆదివారం ప్రసంగం ఆయనది. సోమవారం నుంచి శనివారం దాకా పురిటిళ్లు, చావిళ్లు, జ్వరాలు, కొట్లాటలు, పిల్లలకు అక్షరాలు ఆమెవి.

ఈ పనిలో కులం ఎట్ల పనిచేసిందో చూడాలె. మాల, మాదిగ స్త్రీ చేతిలో పుస్తకం పట్టుకుని ఊళ్లోకి వచ్చింది. అప్పటిదాకా ఆమె ఊళ్లోకి రావడం అంటే పేడ ఎత్తడానికి, కళ్లం తూర్పార పట్టడానికి, చావు కబురు మోయడానికి. ఇప్పుడు చదివి వినిపించడానికి వచ్చింది. వాకిట్లోనే నిలబెట్టిన ఇళ్లున్నాయి, పంచ దాకా రానిచ్చిన ఇళ్లున్నాయి. చదువు లేని ఇంటి ఇల్లాలికి చదువున్న అంటరాని మనిషి అక్షరం చెప్పడం తెలుగు సమాజంలో అంతకుముందు జరిగిందా? మన సంస్కరణ చరిత్రలు వీరేశలింగం గారి బాలికా పాఠశాల దగ్గర మొదలుపెడతాయి గదా, ఆ పక్కన ఈ నడకను పెట్టి చూడండి. జేమ్స్ ఎలీషా తానేటి 2013లో తెలుగు బైబిలు స్త్రీల మీదే ప్రత్యేకంగా ఒక గ్రంథం తెచ్చేదాకా వాళ్ల మీద విడిగా పుస్తకం అంటూ దొరకడమే కష్టం.

*

ఇప్పుడు సుబ్బమ్మగారి దగ్గరికి వద్దాం.

కృష్ణా ఆనకట్ట 1855లో పూర్తయ్యాక డెల్టా భూములు పండాయి. భూమి ఉన్న కమ్మ కుటుంబాలకు చేతిలో డబ్బు, దాంతో పాటు చదువు మీద కోరిక వచ్చాయి. గుంటూరులో లూథరన్ మిషను 1842లో హేయర్ రాకతో మొదలై, బళ్లు, ఆసుపత్రి, కళాశాలగా పెరిగింది. 1883లో వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ పెట్టిన ఆసుపత్రి ఆడవాళ్ల నమ్మకం సంపాదించింది. ఊరి ఇళ్ల ఆడపిల్లలు మిషను బళ్లలోకి వచ్చారు. వచ్చినవాళ్లలో ఎక్కువమంది చదువుకుని వెళ్లిపోయారు. కొద్దిమంది నమ్మి నిలిచారు. ఆ కొద్దిమందిలో సుబ్బమ్మగారు ఒకరు.

కమ్మ ఇంటి ఆడపిల్ల క్రైస్తవురాలు కావడం అంటే ఏమిటో తేలిగ్గా తీసుకోకూడదు. ఇల్లు, బంధువులు, పెళ్లి సంబంధం, ఆస్తి అన్నీ ఒక్కసారే ప్రశ్న అవుతాయి. జనం దృష్టిలో ఆమె 'మాలల్లో కలిసిపోయింది'. ఈ అనుభవమే ఆమె ఆలోచనకంతా కేంద్రం అయిందని నా అభిప్రాయం.

రాజమండ్రిలో షార్లెట్ స్వెన్సన్ స్మారక బైబిలు శిక్షణ పాఠశాల ఉంది. స్వీడిష్ అమెరికన్ లూథరన్ల మిషనరీ పేరు మీద నడిచిన ఈ బడి స్త్రీలకు, ముఖ్యంగా బైబిలు స్త్రీలు కాబోయేవాళ్లకు. సుబ్బమ్మగారు దానికి ప్రిన్సిపాల్ అయ్యారు. దొరసానులు కూర్చున్న కుర్చీల్లో తెలుగు స్త్రీలు కూర్చునే కాలం అది. ఆ కుర్చీ దక్కడం చిన్న విషయం కాదు. ఎవర్ని చేర్చుకోవాలె, ఏం చెప్పాలె, ఎవర్ని ఎక్కడికి పంపాలె అనేది నిర్ణయించే అధికారం అది. సంఘంలో ఎక్కువమంది ఎవరో, ఆ బడికి వచ్చే పిల్లల్లోనూ ఎక్కువమంది వాళ్లే అయి ఉంటారని చెప్పడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. ఒక కమ్మ స్త్రీ మాల, మాదిగ ఆడపిల్లలతో కలిసి చదివి, చెప్పి, ప్రార్థించిన చోటు ఆనాటి గోదావరి జిల్లాల్లో ఇంకెన్ని ఉన్నాయి?

తరువాత ఆమె అమెరికా వెళ్లారు. కాలిఫోర్నియాలో పాసడీనా, అక్కడ ఫుల్లర్ సెమినరీ. అక్కడ 1965లో ప్రపంచ మిషను అధ్యయనాల విభాగం మొదలైంది. దాన్ని మొదలుపెట్టిన డొనాల్డ్ మెక్‌గావ్రన్ మన దేశంలోనే దమోహ్‌లో పుట్టి, మధ్య పరగణాల్లో మిషనరీగా పనిచేసిన మనిషి. సుబ్బమ్మగారి అధ్యయనం 1970లో 'న్యూ పాటర్న్స్ ఫర్ డిసైప్లింగ్ హిందూస్' అనే పుస్తకంగా వచ్చింది. ఆంధ్రలో తరువాతి అడుగు ఏమిటి అన్నది దాని ప్రశ్న. 1973లో మద్రాసు నుంచి 'క్రైస్ట్ కన్‌ఫ్రంట్స్ ఇండియా' వచ్చింది.

ఆమె వాదాన్ని నా మాటల్లో చెబుతాను. ఆంధ్రలో క్రైస్తవ సంఘం మాల, మాదిగల సంఘంగా కనబడుతుంది. కమ్మ, రెడ్డి, కాపు, బ్రాహ్మణ ఇళ్లలో క్రీస్తును ఇష్టపడేవాళ్లు ఉన్నా, బాప్తిస్మం అంటే తమ కులం విడిచి ఇంకో కులంలో చేరడం అనుకుని వెనక్కి తగ్గుతున్నారు. వాళ్లను ఆపుతున్నది దేవుడి విషయం కాదు, సమాజం విషయం. కాబట్టి వాళ్లు తమ ఇంట్లో, తమ వాళ్ల మధ్య ఉంటూనే శిష్యులయ్యే దారి వేయాలె. తమ పండుగ, పాట, కూర్చునే తీరు వదులుకోనక్కర్లేని ఆరాధన కావాలె. దానికి ఆశ్రమం ఒక రూపం. చర్చి గుమ్మం తొక్కని హిందూ స్త్రీ ఆశ్రమానికి వచ్చి నాలుగు రోజులు ఉండగలదు, వినగలదు, పాడగలదు. ఆమె ఈ ఆశ్రమ పనిని రాసి ఊరుకోలేదు, తన సంఘంలో నడిపి చూపించారు.

ఇందులో బలం ఉంది, ఒప్పుకోవాలె. మిషనరీలు తెచ్చిన బెంచీలు, గంటలు, జర్మన్ రాగాలే క్రైస్తవం కాదని చెప్పింది ఒక తెలుగు స్త్రీ. ఇంట్లో ఆడవాళ్ల విశ్వాసం రహస్యంగా, ఎవరి లెక్కలోకీ రాకుండా ఉంటుందని, దాన్ని గుర్తించే పద్ధతి సంఘానికి లేదని చూసింది ఆమె కన్ను. మగ పాస్టర్లకు ఈ సంగతి తట్టలేదు. స్త్రీ అనుభవం నుంచి సిద్ధాంతం కట్టడం అంటే ఇదే. ఆ రకంగా ఆమె నిజంగానే ముందు నడిచిన మనిషి.

*

కానీ ఇదే వాదాన్ని మాలపల్లెలో కూర్చుని చదివితే ఎట్ల వినబడుతుంది?

ఆ పుస్తకంలో మనం ఒక అడ్డంకిగా ఉన్నాం. మనం ఉన్నాం కాబట్టి వాళ్లు రావడం లేదు. ఆమె వాదం అంటరానితనాన్ని సమర్థించేది కాదు, ఆ మాట స్పష్టంగా చెప్పాలె. అయినా ఆ లెక్కలో సమస్య ఊరి మనసులో లేదు, వాడ ఉనికిలో ఉంది. చికిత్స కూడా అట్లనే ఉంది: ఊరు మారనక్కర్లేదు, ఊరికోసం ఇంకో తలుపు పెడదాం. మెక్‌గావ్రన్ సూత్రం అదే. మనుషులు కులం, భాష, వర్గం గోడలు దాటకుండానే క్రైస్తవులు కావడానికి ఇష్టపడతారు, కాబట్టి గోడల్ని అట్లనే ఉండనిచ్చి పని చేయాలె. ఈ సూత్రాన్ని 1977లో పాసడీనాలోనే జరిగిన చర్చల్లో, ఆ తరువాతా లాటిన్ అమెరికా దైవశాస్త్రజ్ఞుడు రెనె పడీయా గట్టిగా విమర్శించారు. సంఘం అనేదే గోడలు దాటడం వల్ల పుట్టిందని ఆయన వాదన. మనదేశంలో ఆ విమర్శ చేయడానికి పాసడీనా దాకా పోనక్కర్లేదు, ఒంగోలు చాలు.

1860ల చివర ఒంగోలులో జాన్ క్లౌ బంగళాకు పెద్దకులాలవాళ్లు కూడా వస్తూపోతూ ఉండేవాళ్లు. వాళ్ల పిల్లలు ఆయన బళ్లో చదివేవాళ్లు. మాదిగలు రావడం మొదలైంది. వీళ్లను చేర్చుకుంటే మేం రాం అని బ్రాహ్మణులు తేల్చి చెప్పారు. సరిగ్గా సుబ్బమ్మగారి ప్రశ్నే, వందేళ్ల ముందు. క్లౌ, ఆయన భార్య హ్యారియెట్ వేర్వేరు గదుల్లో బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో ఒకే భాగం వచ్చిందని, లోకం తక్కువగా చూసినవాళ్లను దేవుడు ఎన్నుకోవడం గురించిన ఆ మాటలతో మాదిగల వైపు నిలిచారని క్లౌ చెప్పుకున్నారు. బళ్లోంచి పెద్దకులాల పిల్లలు లేచిపోయారు. పదేళ్లకు, కరువు తరువాత, 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. కథలో దైవికం ఎంత, కల్పన ఎంత అన్నది పక్కన పెట్టండి. ఒక నిర్ణయం జరిగింది. ఆ నిర్ణయం వల్లనే తెలుగు సంఘం అనేది ఉంది.

ఇంకో సాక్ష్యం కూడా ఉంది. మెథడిస్టు మిషనరీ పికెట్ 1930ల్లో దేశంలోని సామూహిక మతాంతరాల మీద పెద్ద సర్వే చేశారు. తెలుగునాట శూద్ర కులాల వాళ్లు వేల సంఖ్యలో క్రైస్తవంలోకి రావడం ఆయన చూశారు. వాళ్లు ఎందుకు వచ్చారు? తమ ఊరి మాలల, మాదిగల బతుకుల్లో వచ్చిన మార్పు చూసి వచ్చారని ఆయన నమోదు చేశారు. తాగుడు మానినవాళ్లను, పిల్లల్ని బడికి పంపినవాళ్లను, తల ఎత్తి మాట్లాడినవాళ్లను చూసి వచ్చారు. అంటే వాడ అడ్డంకి కాదు, వాడే దారి. ఆ మార్పు ఇంటింటికీ మోసింది ఎవరు? పైన చెప్పిన పాస్టరమ్మలు, బైబిలు స్త్రీలు. సుబ్బమ్మగారి పుస్తకం ముందు ఈ చరిత్రంతా ఉంది. దాన్ని ఆమె తూకంలో సరిగా వేయలేదన్నది నా విమర్శ.

పేర్ల సంగతి కూడా చూడాలె. ఆమె వెంకట సుబ్బమ్మగానే ఉన్నారు. పేరు మార్చుకోనక్కర్లేదు అనేది ఆమె సిద్ధాంతానికి సరిపోయే పనే. ఆ పేరులో ఆమెకు అవమానం లేదు, వంశం ఉంది. మనవాళ్ల సంగతి వేరు. పెంటయ్య, పుల్లిగాడు అని ఊరు పెట్టిన పేర్ల నుంచి బయటపడటానికి మార్తమ్మ, కరుణమ్మ, సువార్త అనే పేర్లు మనకు దొరికిన ఆస్తి. ఆ ఆస్తికి పన్ను కూడా కట్టాం. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవ దళితుణ్ణి షెడ్యూల్డు కులాల జాబితా నుంచి తీసేసింది. 1956లో సిక్కు దళితులకు, 1990లో బౌద్ధ దళితులకు తలుపు తెరిచారు, క్రైస్తవులకు తెరవలేదు. ఆంధ్రప్రదేశ్‌లో మనల్ని బి.సి.-సి.లో పెట్టి ఒక్క శాతం ఇచ్చారు. అందుకే మన ఇళ్లలో పిల్లలకు రెండు పేర్లు, బడి రిజిస్టరులో ఒకటి, గుడి రిజిస్టరులో ఒకటి. రేపు పరిశోధకుడు సెమినరీ రికార్డుల్లో దళిత స్త్రీని వెతకబోతే ఈ రెండు పేర్ల మధ్యే ఆమె జారిపోతుంది.

1985 జులైలో కారంచేడు. మాదిగలు తాగే చెరువు నీళ్లను కమ్మ యువకులు పాడు చేస్తుంటే ఒక మాదిగ స్త్రీ అడ్డం పడ్డారు, కొట్టబోతే బిందె ఎత్తారు. మరునాడు, జులై 17న, మాదిగపల్లె మీద పడి మనుషుల్ని వేటాడి చంపారు. ఆమె పేరు మున్నంగి సువార్త. సుబ్బమ్మగారి పుస్తకానికి, కారంచేడుకు కార్యకారణ సంబంధం ఉందని నేను అనడం లేదు, అట్ల అనేవాళ్లు చరిత్ర రాయకూడదు. కానీ కమ్మవారు తమ కులంలో ఉంటూనే క్రీస్తు శిష్యులు కావచ్చు అని రాసిన పదిహేనేళ్లకు ఆ కులం అంటే ఏమిటో ఆ చెరువు గట్టు చూపించింది. కులంలో ఉండిపోవడం అంటే ఎక్కడ ఉండిపోవడం? ఈ ప్రశ్న ఆ పుస్తకాన్ని ఇప్పుడు చదివే ఎవరైనా అడగక తప్పదు.

*

మరి దళిత దైవశాస్త్రం దీనికి జవాబు చెప్పిందా? సగమే చెప్పింది. ఉస్మానియాలో తత్వశాస్త్రం బోధించిన కె. విల్సన్ 1982లో హైదరాబాదు నుంచి తెచ్చిన పుస్తకంలో క్రైస్తవ దళితుణ్ణి రెండుసార్లు పరాయి అయినవాడుగా చూపించారు, సమాజంలో ఒకసారి, సంఘంలో ఒకసారి. అరవింద్ నిర్మల్ 1980ల్లో బెంగళూరులో, తరువాత మద్రాసు గురుకుల్‌లో దళిత దైవశాస్త్రానికి పునాది వేశారు. ఇద్దరి రాతల్లోనూ మాట్లాడే మనిషి మగవాడు. మూడోసారి పరాయి అయిన మనిషి సంగతి రూత్ మనోరమ లాంటివాళ్లు ముందుకు తేవాల్సి వచ్చింది. సుబ్బమ్మగారికి స్త్రీ కనబడింది, వాడ కనబడలేదు. మనవాళ్లకు వాడ కనబడింది, స్త్రీ కనబడలేదు. బైబిలు స్త్రీ ఈ రెండు పుస్తకాల మధ్య అట్టలా ఉండిపోయింది.

2013 సెప్టెంబరులో ఎగ్గోని పుష్పలలిత నంద్యాల అధ్యక్ష మండలానికి బిషప్పు అయ్యారు. దక్షిణ ఇండియా సంఘం 1947లో ఏర్పడ్డాక బిషప్పు అయిన మొదటి స్త్రీ తెలుగు స్త్రీ. ఆ రోజు పత్రికలన్నీ మళ్లీ 'మొదటి' అని రాశాయి. రాయాల్సిందే. అయితే ఆ మెట్ల వరస కింద జూలియా, రూతు, నాగమ్మ, రిజిస్టరులో భర్త పేరు వెనక నిలబడ్డ స్త్రీలు ఉన్నారు. ఆడపిల్లలకు బైబిలు చదువు చెప్పే బడిని తెలుగు స్త్రీ నడపగలదని చూపించిన సుబ్బమ్మగారూ ఉన్నారు.

విదేశీ నిధులు తగ్గినకొద్దీ బైబిలు స్త్రీ అనే జీతపు ఉద్యోగం చాలాచోట్ల సన్నగిల్లింది, పని మాత్రం ఆగలేదు. నాచారం పారిశ్రామికవాడకు, ఉప్పల్ చుట్టుపక్కల బస్తీలకు జిల్లాల నుంచి కూలికి వచ్చిన కుటుంబాలు తమతో పాటు ప్రార్థనలనూ తెచ్చుకున్నాయి. శుక్రవారం ఉపవాస ప్రార్థన, ఇంటింటి కూడిక నడిపేది చాలాచోట్ల ఆడవాళ్లే. ఇళ్లలో పాచిపని చేసి వచ్చి సాయంత్రం వాక్యం చెప్పే స్త్రీ ఏ సెమినరీ లెక్కలోనూ లేదు. ఆమె యోబు కథ చెప్పే తీరు వినండి. అప్పులవాడు, ఆసుపత్రి, తాగొచ్చిన మొగుడు, పోయిన బిడ్డ, అన్నీ అందులోకి వస్తాయి. దానికి మూలభాషలు తెలియకపోవచ్చు, వ్యాఖ్యానం మాత్రం ఉంది.

కాబట్టి పని ఏమిటంటే, రామాయపట్నం, రాజమండ్రి, దోర్నకల్ శిక్షణ బళ్ల పాత హాజరు పట్టీలు, జీతాల పుస్తకాలు ఎక్కడున్నా వాటిని భార్యల పేర్ల కోసం మళ్లీ చదవాలె. టి.ఎన్. సదాలక్ష్మి బతుకును ఆమె మాటల్లోనే గోగు శ్యామల 2011లో 'నేనే బలాన్ని'గా తెచ్చినట్టు, బైబిలు స్త్రీలుగా పనిచేసిన తరంలో మిగిలిన ముసలమ్మల మాటలు రికార్డు చేయాలె. వాళ్లలో కొందరు కొడుకుల దగ్గర, కూతుళ్ల దగ్గర ఉప్పల్, నాచారం, మల్లాపూర్ ఇరుకు గదుల్లోనే ఉన్నారు. పోయి కూర్చున్నప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న వాళ్ల రెండు పేర్లూ.